తలుపేసుకుని తిన్న అన్నం

తొంభైల చివర్లో మేడ్చల్‌లో మా ఇంటి ముందుగదే మా టైలరింగ్ దుకాణం. అన్నం ముందు కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు పిలిచేవారు. విసిగిపోయి దుకాణం ఎత్తేద్దామనుకుంటున్న రోజుల్లో, శామీర్‌పేట బస్సులో పక్కసీటు పెద్దావిడ తన డబ్బాలోని పులిహోర నా చేతిలో పెట్టింది. నేను గబగబా మింగుతుంటే నవ్వింది.

“ఎవలు పిలుస్తున్నరు బిడ్డా, గంత జల్దీ?”

సంగతి చెప్పాను.

“మాది గూడ పిండిగిర్ని, ఇల్లు ఒక్కటే. తినేటప్పుడు తలుపేస్త. వచ్చినోళ్లు అరుగు మీద కూసుంటరు. ఒక్కలు గూడ వాపస్ పోలే.”

అలియాబాద్‌లో దిగిపోయింది. పేరైనా అడగలేదు, ఇవాళ్టికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మరునాడు తలుపు వేసి నేను, మా ఆయన అన్నానికి కూర్చున్నాం. ఎవరో తలుపు తట్టారు. లేవబోతున్న ఆయన చెయ్యి పట్టుకుని, “కూసుంటరు తియ్, తినుండ్రి” అన్నాను.

తిని తలుపు తీస్తే, జాకెట్టు గుడ్డతో వచ్చినామె అరుగు మీదే కూర్చుని ఉంది. దుకాణం ఎత్తేయాలన్న మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.