అన్న పెరట్లో రైలు చప్పుడు

మా అన్న నంద్యాలలో నూనె మిల్లు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక పెరట్లో, కరివేపాకు చెట్టు నుంచి బట్టలుతికే బండ దాకా చుట్టూ చిన్న రైలు పట్టాలు వేసుకున్నాడు. వాటి మీద మూరెడు పొడవు డీజిల్ ఇంజను బొమ్మ పెట్టెల్ని లాక్కుంటూ తిరిగేది. పట్టాలకు కరెంటు గోడకు బిగించిన ఒక స్విచ్చుల పెట్టెలోంచి వచ్చేది. రైలు నడపాలన్నా, ఆపాలన్నా దాని దగ్గరికి నడవాల్సిందే.

కళ్లకు నీటికాసుల జబ్బు వల్ల అన్న చూపు తగ్గుతూ వచ్చింది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమనీ డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే స్విచ్చుల దగ్గరికి పోతూ, పట్టాలు కాలికి తగిలి పడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది. వదిన ఫోన్ చేసి ఏడ్చింది.

"ఆ పట్టాలు పీకేయమని నువ్వన్నా చెప్పు మ్మా. నా మాట యాడ ఇంటాడు?"

నాది ఆళ్లగడ్డలో సెల్‌ఫోన్ల షాపు. ఆదివారం షాపు మూసి నంద్యాల బస్సెక్కాను. పీకేయమని చెప్పడానికే పోయాను. అన్న కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకు తలెత్తాడు.

"కూసున్న కాడ్నించే నడిపేది ఏమన్నా ఉంటాదా మ్మా? ఫోన్ల సంగతి నీకు తెల్సు గదా. నువ్వే సూడు."

పీకేయమనే మాట వదిలేసి, దారి వెతకడం మొదలుపెట్టాను.

ఇంజనులో బ్యాటరీ, ఒక చిన్న సర్క్యూట్ బోర్డు పెడితే దూరం నుంచే నడపవచ్చని తెలుసుకున్నాను. నాకు తెలిసింది ఫోనే కాబట్టి ఫోన్‌తో నడిచే రకమే తెప్పించాను. అది అన్నకు పనికిరాలేదు. నున్నటి తెర మీద వేలు ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు. ఆపబోయి వేగం పెంచాడు. ఇంజను మలుపులో పట్టా తప్పి బండకు కొట్టుకుంది.

"ఏందీ, పడిందా?"

"పడిందిన్నా."

ఫోను నా చేతికిచ్చి, గోడ తడుముకుంటూ లోపలికి పోయాడు. ఆ పూట అన్నం తినలేదు.

మళ్లీ వెతికాను. ఈసారి అరచేతిలో ఇమిడే రిమోటు దొరికింది. మధ్యలో తిప్పే గుండ్రటి మీట. కుడికి తిప్పితే ఇంజను ముందుకు, ఎడమకు తిప్పితే వెనక్కు పోతుంది. నడిమికి వస్తే టిక్కుమని వేలికి తగులుతుంది, ఇంజను నిలుస్తుంది. రైలును పట్టాలెక్కించక ముందే అన్న ఆ మీటను చాలాసేపు తిప్పి చూసుకున్నాడు.

"ఇది తెలుస్తాంది," అన్నాడు. "మరి రైలు యాడుందో ఎట్ల తెల్సాల?" అని అడిగాడు.

అందుకని ఇంజనుకు చప్పుడు కూడా కావాల్సి వచ్చింది. దొరికే రకాలన్నీ ఫోన్లో వినిపించాను. పాతకాలం ఆవిరింజనే అడుగుతాడనుకున్నాను.

"ఆవిరిది బాగుంది గానీ, నిలబడితే దాని సప్పుడు సన్నగయితాది. డీజిలు నిలబడినా గురగుర అంటానే ఉంటాది. నాకదే కావాల."

స్పీకరు ఇంజను లోపల పెడితే చప్పుడు బయటికి సరిగా రాలేదు. వెనక పెట్టెలో పెట్టి, పైకప్పుకు చిల్లులు వేయించాం. అప్పటి నుంచి అన్న చప్పుడును బట్టి మలుపుల్లో మెల్లగా తోలడంతో ఇంజను పట్టా తప్పడం తగ్గింది. వదిన కూడా పీకేయమనడం మానేసింది.

ఆ ఏడాది వానలు పోయేసరికి అన్నకు ఉన్న కాస్త వెలుగూ పోయింది. నేను చూడ్డానికి పోయిన సాయంత్రం పెరట్లో కుర్చీ వేసుకుని రైలు నడుపుతున్నాడు. అడుగుల చప్పుడుకు నన్ను గుర్తుపట్టి మీటను నడిమికి తెచ్చి, రిమోటు నావైపు చాపాడు.

"నువ్వు తోలు."

"బాగానే తోల్తాండావు గదన్నా?"

"నేను తోల్తే యాడ పడ్తాదో అనే ఇంటాండా మ్మే. ఒక్కసారి ఊరికే ఇనాలనుంది."

రిమోటు తీసుకున్నాను. మెల్లగా తిప్పాను. ఇంజను గొంతు పెంచుకుని కదిలింది. కరివేపాకు చెట్టు దాటి పోతుంటే, అన్న ముఖం దాని వెంట నెమ్మదిగా తిరిగింది. వదిన ఉతుకుతున్న బట్టలు వదిలేసి, తడిచేతులతోనే వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. బ్యాటరీ అయిపోయేదాకా తోలాను.