మబ్బు పడిన ఫోటో

మొన్న బేస్తవారం పొద్దున ఉగ్గానికి బొరుగులు తడిపి పిండుతుంటే ఫోను టింగుమంది. చేతులు తడి. ఎవరో శుభోదయం పూలు పంపించి ఉంటారులే అని ఊరుకున్నాను. మళ్లీ టింగు. మళ్లీ టింగు. ముందు దాని నోరు మూయించాలని కొంగుకు చెయ్యి తుడుచుకుని చూస్తే, 'మన గానుగ సందు' అని ఒక గ్రూపు. నన్ను అందులో చేర్చింది దర్జీవాళ్లక్క. నంద్యాల పాతవూళ్లో మా ఎదురిల్లు వాళ్లది. ఆమెకిప్పుడు డెబ్బై దాటాయి, మోకాళ్లు పనిచెయ్యవు గానీ బొటనవేళ్లు మాత్రం ఫోను మీద పరుగులు తీస్తాయి. మొదటి మెసేజే హుకుం. "సందు ఎట్లాగూ పాయె. మనమన్నా ఉండామా లేదా? అందరూ పెట్టెలు తెరిసి పాత ఫోటోలు పెట్టండి. బిరీన పెట్టండి, నేను సచ్చేలోగా సూడల్ల." నేను నిలబడి చదువుతూ ఉండగానే పోపు మాడింది. మా ఇంటాయన ఆ మాడు ఉగ్గానినే గబగబా తినేశాడు, నా మొహం చూసి భయపడి ఉంటాడు.

మిగతావాళ్లకు అదొక సరదా. నాకు మాత్రం అవసరం. ఎందుకో తెలియాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి. మా నాయన పోయి రెండేళ్లయింది. శిరివెళ్ల దగ్గర మా చేలోనే సమాధి కట్టాం. అక్కడే సేద్యం చేసుకుంటున్న మా తమ్ముడు, నాయనకూ అమ్మకూ రాతి విగ్రహాలు చేయించి పక్కపక్కన కూర్చోబెట్టాలని పట్టుపట్టాడు. నేను కాపురముండేది విగ్రహాలకు పేరుబడిన ఆళ్లగడ్డలో అయ్యె, శిల్పులకేం కొదవ? మా వీధి మొదట్లో, హైవే పక్కన రేకుల షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నాడు. తెల్లారినప్పటి నుంచి ఆయన ఉలి చప్పుడు వింటూనే నేను ఇల్లు ఊడ్చుకుంటాను. పని ఆయనకే అప్పజెప్పాం. నాయన విగ్రహం ఎప్పుడో అయిపోయింది. ఎద్దుల పక్కన, ట్రాక్టరు మీద, పెళ్లిళ్లలో ఆయన ఫోటోలు బోలెడు. అమ్మకే వచ్చింది చిక్కు. కుచ్చిళ్లు చెక్కాడు, మోకాళ్ల మీద చేతులు చెక్కాడు, గాజులు కూడా చెక్కాడు. మెడ మీద మాత్రం గుమ్మడికాయంత ముడిరాయి అట్లాగే ఉండిపోయింది.

అమ్మకు ఒక్క ఫోటో లేదు. ఫోటోలతో కార్డులూ గీర్డులూ రాకముందే, నా పెళ్లికి ముందే పోయింది. బంధువుల ఇళ్లన్నీ గాలించాం, లేదు. శిల్పి పెద్దాయన విసిగిపోయి, "మొగం లేకుండా ఎన్నాళ్లమ్మా ఈమెను ఎండలో కూచోబెట్టేది? ఉగాదికి నిలబెట్టల్లంటాడు మీ తమ్ముడు. ఫోటో దొరక్కపోతే నీ మొగమే పెడతా. కూతురివే గదా, ఎవురడుగుతారు?" అన్నాడు. "నేనడుగుతా" అని కోపంగా వచ్చేశాను. అసలు సంగతి అంతకంటే చేదు. అమ్మ మొహం నాకు గుర్తుకు రావడం లేదు. గొంతు గుర్తుంది. చేతుల నుంచి వచ్చే సున్నిపిండి వాసన గుర్తుంది. కళ్లు మూసుకుంటే మొహం మాత్రం బావినీళ్లలో నీడ మాదిరి కదిలి చెదిరిపోతుంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, తమ్ముడికి కూడా. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు. "నాకైతే ఏం తెల్దు. నీకు గుర్తుంటాది గదక్కా" అని భారమంతా నా మీద వేసి వాడు నిశ్చింతగా ఉన్నాడు.

సందు పోయి చాలా ఏళ్లయింది. రోడ్డు వెడల్పు చెయ్యాలన్నారు, ఆ తర్వాత మిగిలిన ముక్కలన్నీ కలిపి ఎవరో పెద్ద కాంప్లెక్సు కట్టారు. ఎప్పుడైనా ఆస్పత్రి పని మీద నంద్యాల పోతే పనిగట్టుకుని దాని ముందు నిలబడతాను. అందులో ఒక చెప్పుల కొట్టుంది, పిల్లోడు కూర్చుని బిల్లు కొట్టే చోటే సరిగ్గా మా పొయ్యి ఉండాలి. ఒకసారి అట్లా చూస్తూ నిలబడితే, "ఏ సైజమ్మా?" అని అడిగాడు. ఏం చెప్పను? సందు సైజు చెప్పమంటే చెబుతాను. ఇద్దరు ఆడవాళ్లు నీళ్లబిందెలతో ఎదురుపడితే ఒకరు అరుగెక్కాల్సిందే. నేను పుట్టకముందే గానుగ మూతపడిందట, అయినా ఎండాకాలం వస్తే కింద పరిచిన నాపరాళ్ల లోంచి చెనిక్కాయ నూనె కమ్మదనం పైకి లేచేది. అటూ ఇటూ మట్టి మిద్దెలు. ఈ మిద్దె మీద ఆరబెట్టిన వడియాలు ఆ మిద్దె పిల్లలు చెయ్యి చాచి తినేవాళ్లు. పొద్దున నీడ, సాయంత్రం నీడ. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు మాత్రం కాసేపు సందు మధ్యన ఒక ఎండచార పడేది. పండుకున్న పిల్లులు, ముసలమ్మలు, ఒరుగులు ఎండబెట్టిన చాటలు, అన్నీ ఆ చార వెంబడి జరుగుతూ పోయేవి. ఇప్పుడు తలుచుకుంటే అదంతా నిజంగా జరిగిందా, లేక ఏ మధ్యాహ్నం నిద్దర్లోనో చూశానా అని నాకే అనుమానమొస్తుంది.

రెండు రోజుల్లో గ్రూపు నిండిపోయింది. చూస్తూ చూస్తూ నాకు నవ్వాగలేదు. పెళ్లి సంబంధాలకు పంపిన ఫోటోలే ఎక్కువ, అన్నిటిలోనూ అదే చీర! నలుపు తెలుపుల్లో అంతా బూడిద రంగే గానీ, గోపురాల అంచు చూసి గుర్తుపట్టాను. అది మా అమ్మ పెళ్లి చీర. చిలకపచ్చ, ఎర్రంచు. సందులో ఏ పిల్లకు సంబంధం వచ్చినా చీర మా పెట్టెలోంచి, కుర్చీ దర్జీవాళ్లింట్లోంచి వచ్చేవి. సగం సందు కాపురాలు ఆ చీరతోనే కుదిరాయి. ఇంకొకటి కూడా అన్నిటిలో ఉంది. ఫోటోకు ఎడంపక్క అంచున తెల్లగా ఏదో, దాన్ని పట్టుకున్న నాలుగు వేళ్లు. "అదేందబ్బా, గోడా?" అని ఎవరి మనవరాలో అడిగింది. గోడ కాదు తల్లీ, మా నాయన పంచె. ఆ వేళ్లు మా అమ్మవి.

అప్పట్లో మా సందు ఆడపిల్లలు స్టూడియోకు పోయేవాళ్లు కాదు, పెద్దలు పోనిచ్చేవాళ్లు కాదు. ఫోటోలు తీసే భాయే, మేం ఫోటోభాయి అనేవాళ్లం, సైకిలు మీద సంచి తగిలించుకుని వచ్చేవాడు. ఫ్లాషు వెలిగిస్తే పిల్లలు దయ్యాల మాదిరి వస్తారని ఆయనకు దాని మీద కోపం. ఎండచార పడే వేళ చూసి, దాని పక్కన నీడలో కుర్చీ వేయించేవాడు. ఎడమ వైపు ఎండలో ఒకరు తెల్లపంచె సాగదీసి పట్టుకోవాలి. ఎండ పంచె మీద పడి, అక్కడి నుంచి మెత్తగా పిల్ల మొహం మీదికి మళ్లేది. అంతే, ఎంత చామనఛాయ పిల్లయినా వెన్నముద్ద! ఆ పంచె పట్టుకోవడం అందరికీ చేతకాదు. చేతులు వణికితే వెలుగూ వణుకుతుంది. మా అమ్మ నాయన పంచెను సోడాలో ఉడికించి, నీలిమందు పెట్టి, తల మీదికెత్తి పట్టుకుంటే పంచె తప్ప మనిషి కనిపించేది కాదు. "నీ చెయ్యి గోడ మాదిరి ఉంటాదమ్మా" అని భాయి మెచ్చుకునేవాడు. నువ్వూ ఒకటి దిగరాదా అని ఎవరైనా అంటే, "నేను ముందరికొస్తే గుడ్డ ఎవురు పట్టుకుంటారు?" అనేది. అందరూ నవ్వేవాళ్లు. అది ఎంత అన్యాయమైన జవాబో అప్పుడెవరికీ తట్టలేదు, నాక్కూడా.

నా వంతూ వచ్చింది. ఆళ్లగడ్డ సంబంధం. మధ్యవర్తి బస్సుకు టైమయిందని తొందరపెడుతున్నాడు, రీలులో మిగిలింది ఒకే ఒక్క ఫోటో. "కండ్లు కదిలిస్తే సూస్కో" అని భాయి నన్ను బెదిరించాడు. నేను కెమెరా గాజులోకే చూస్తూ కూర్చున్నాను. పక్కన పంచె పెళపెళలాడడం వినపడింది. ఉన్నట్టుండి భాయి, "గుడ్డ! అమ్మా, గుడ్డ!" అని అరిచాడు, అరుస్తూనే మీట నొక్కేశాడు. గాలికి ఎగిరిందేమో అనుకున్నాను. కడిగి, నల్ల అట్టలో అతికించి తెచ్చిన ఫోటోలో నా మొహం సగం వెలుగు, సగం చీకటి. భాయి తల గోక్కుని, "మబ్బొచ్చె. ఏం జేసేది" అన్నాడు. "ఎండాకాలం నంద్యాలలో మబ్బేంది, నీ మొగం!" అని దర్జీవాళ్లక్క అప్పుడే తగులుకుంది. మా అమ్మ మాత్రం పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి పోయింది.

ఆ ఫోటో చూసి మా అత్తగారు నెలరోజులు నాన్చింది. తర్వాత మనుషులొచ్చి చూసుకుని ఖాయం చేసుకున్నారనుకోండి. ఆ వానాకాలమే మూడు రోజుల జ్వరంతో అమ్మ పోయింది. పై ఏడు ఆ గోపురాల అంచు చీరతోనే ఆళ్లగడ్డలో అడుగుపెట్టాను. ఎంత నాన్చినా అత్తగారు ఆ ఫోటోకు అట్టతోనే పటం కట్టించి నడవలో తగిలించింది. అప్పటి నుంచీ మా ఇంటాయనకు నేను మబ్బుపిల్లను. నేను అలిగితే చాలు, "ఈ రోజు మబ్బు పట్టింది, వాన గ్యారంటీ" అంటాడు. నలభై ఏళ్లకు పైగా అదే హాస్యం, ఆయనకు విసుగు లేదు.

శనివారం నేను ఆ పటాన్ని ఫోనుతో తీసి గ్రూపులో పెట్టాను. గంటకల్లా దర్జీవాళ్లక్క గొంతు వచ్చింది. "పిల్లా, అందరి ఫోటోల్లో ఎడంపక్క మీయమ్మ గుడ్డ కనపడతాంది. నీ దాంట్లో యాడ పాయె? సొంత కూతురికి పట్టుకోల్యా ఏంది?" నాకు ఒళ్లు మండింది. అందరికీ పట్టుకున్న మనిషి నాకు పట్టుకోదా? ఏదో నాలుగు మాటలు అనేద్దామని పటం వైపు చూశాను, అట్లాగే ఆగిపోయాను. ఫోటో చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించిన నల్ల అట్ట. భాయి అందానికని పెట్టాడనే అనుకున్నాను. ఇన్నేళ్లూ రోజూ దాని మీద దుమ్ము తుడిచాను. ఆ అట్ట కింద ఫోటో ఇంకా ఉంటుందని ఒక్కసారైనా అనుకోలేదు.

"దాన్ని ఊడబీకితే గాజు పగుల్తాది" అన్నాడు మా ఇంటాయన. పగిలితే పగలనీ అన్నాను. ఆయన స్క్రూడ్రైవరు తెచ్చాడు. వెనకాల మొలలు తుప్పుపట్టి విరిగిపోయాయి, బల్లిగుడ్డు పెంకులు రాలాయి. అట్టకు అతుక్కున్న ఫోటోను ఆయన వేలిగోరుతో మెల్లగా లేపాడు.

అమ్మ ఉంది.

పంచె దించేసింది. రెండు చేతులతో దాన్ని గుండెలకు పొదువుకుని, పొయ్యి మీద పాలు మరిచిపోయిన మనిషి మాదిరి నిలబడి నా వైపే చూస్తోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ముక్కుపుడక, చెవి పక్కన ఊడిన వెంట్రుకలు, పైపెదవి మీద చెమట, అన్నీ తెలుస్తున్నాయి. ఎందుకంటే నా మొహం మీద పడాల్సిన వెలుగంతా ఆ నలిగిన పంచె మీంచి ఆమె మొహం మీదే పడింది. మబ్బూ లేదు, గాలీ లేదు. ఊరందరి పిల్లలకూ వణక్కుండా గోడ మాదిరి పట్టుకున్న మనిషి, తన చీర కట్టుకుని కూర్చున్న నన్ను చూస్తూ చెయ్యి దించేసింది. నేను ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. మా ఇంటాయన నా పక్కనే నేల మీద కూలబడి, "ఇన్నాళ్లూ నేను మబ్బు మబ్బని..." అని ఆపేశాడు. ఆయన మాట మింగడం నేను చూడటం అదే మొదలు.

గ్రూపులో పెట్టాను. దర్జీవాళ్లక్క ముక్కు చీదుతూ మాట్లాడింది. "భాయి ఎంత మంచోడే! మీయమ్మను మీ అత్తోళ్లు ఒక మాటంటారని అట్ట కింద దాసిపెట్టి, మబ్బు మీదికి తోసినాడు." తమ్ముడికి పంపితే వెంటనే ఫోను చేశాడు. వెనక ట్రాక్టరు చప్పుడు. "అక్కా, అమ్మేనా?" అన్నాడు. అమ్మేరా అన్నాను. అప్పుడు చెప్పేశాను, ఇన్నాళ్లూ నాకూ గుర్తు లేదని. వాడికి కోపం రాలేదు. "అమ్మ ఇంత చిన్నదా అక్కా?" అన్నాడు. నిజమే. ఫోటోలో ఆమెకు నలభై కూడా లేవు. మా ఇద్దరి తలలూ నెరిసిపోయాయి.

సోమవారం ఫోటో పట్టుకుని షెడ్డుకు పోయాను. శిల్పి పెద్దాయన చేతికున్న రాతిపొడి పంచెకు తుడుచుకుని, ఫోటో దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "బాగుండాది. అయితే సూటిగా సూడల్యా, పక్కకు సూస్తాంది. ఇగ్రహానికి సూపు నేరుగా ముందరికి ఉండల్ల గదమ్మా. ఎవురిని సూస్తాంది?" అన్నాడు.

"నన్ను" అన్నాను.

ఆయన ఆ ముడిరాయి చుట్టూ ఒకసారి తిరిగి, బొగ్గుముక్కతో ముక్కు రావలసిన చోట గీత గీశాడు. నడిమధ్యన గీయలేదు, నేను నిలబడిన వైపుకు కొంచెం జరిపి గీశాడు. "అట్లే సూడనీ" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా వెనక ఉలి చప్పుడు వినపడుతూనే ఉంది. నడవలో పటం తీసేసిన చోట గోడ మీద తెల్లని చదరం మిగిలింది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. నలభై ఏళ్లకు పైగా అమ్మ ఇక్కడి నుంచి నన్ను చూస్తూనే ఉంది, తల తిప్పి చూడటానికి నాకే ఇంత కాలం పట్టింది.