ఆర్డర్‌కి రెండు చప్పట్లు

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే రకం. పుట్టిందే కొండ కింద కాబట్టి ఆ కొలత నాకు పెద్దదిగా తోచదు. సగం తీసేసి చదువుకోండి.

ఆ రోజుల్లో ఒంట్లో ఓపిక ఉండేది, ఉద్యోగమే ఉండేది కాదు. తిరుపతి బస్టాండు వెనక సందులో ఇంగ్లీషు నేర్పే గది ఒకటి ఉండేది. దాని యజమానిని అందరూ గ్రామరన్న అనేవాళ్లు. ఆదివారం ఉచిత పాఠం చెప్పి గది నింపితే ఉద్యోగం ఇస్తానన్నాడు. నింపలేకపోతే సోమవారం నుంచి చిత్తూరులో మా నాయన మామిడికాయల మండీలో గంపలు మోయాలి. (నాయన అప్పటికే నా తల కొలతకు గంప చూసి పెట్టాడు.)

పాఠానికి నేను ఎంచుకున్న మాట ఆర్డర్. హోటల్లో ఇడ్లీకి చెప్పేదీ ఆర్డరే, కలెక్టరు వేసేదీ ఆర్డరే, పుస్తకాలు వరసగా సర్దితే అదీ ఆర్డరే. పలకడం రావాలని ముక్కకో చప్పట: ఆర్, డర్. వచ్చింది ఇద్దరే, అందులో ఒకడు ఫ్యాను గాలి కోసం వచ్చాడు. గంప గుర్తొచ్చి గట్టిగా తట్టాను. కొండ దిగి, ఊరి బస్సు కోసం బయట నీడన కూర్చున్న యాత్రికులు భజన మొదలైందనుకున్నారు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ఒక్కొక్కరే వచ్చి బాసింపట్టు వేసుకున్నారు. గుండుకు చందనం ఇంకా ఆరని పెద్దాయన తాళం అందుకున్నాడు. మాట అర్థం కాలేదని భజనలో ఎవరడుగుతారు? కిటికీలు ఊగాయి, ఏడుకొండలూ బదులు పలికాయి. చెప్పుల గుట్ట చూసి గ్రామరన్న పరవశించి, నా చెవిలో "నిలపొద్దప్పా, రేపట్నుంచి నువ్వు ఈడే" అన్నాడు.

నా అరచేతులు వంకాయలయ్యాక ఆపాను. ముందు వరసలోని అవ్వ చేతులు కళ్లకద్దుకుని, కుడిచెయ్యి చాపింది.

"ప్రసాదం యాడ పెడతాండారు నాయనా?"

గ్రామరన్న నన్ను చూశాడు, నేను నా క్యారియర్ చూశాను. పెరుగన్నాన్ని గోలీలంత ముద్దలు చేసి పంచాను. "ఏమప్పా, వీళ్లు పాఠానికి రాలేదా?" అని ఆయన నీరసంగా అడిగాడు, అడుగుతూనే తనూ చెయ్యి చాపాడు. నా ప్రసాదం తిన్నాక ఉద్యోగం లేదనలేకపోయాడు. అవ్వ వెళ్తూ, "బాగా సెప్పినావు నాయనా, మళ్లా వస్తా" అంది.

అప్పటి నుంచి అదే మాటను ముక్కలు చేస్తూనే ఉన్నాను. ఇప్పుడు పాఠాలన్నీ ఫోనులోనే. పిల్లలు మైకులు మూసుకుని కూర్చుంటారు, మొహాలు కూడా కనబడవు. రెండు చప్పట్లూ నావే. భుజం నొప్పికి ఈమధ్య రెండోది సరిగ్గా పడటం లేదు.

చెప్పుల గుట్ట నిజం, పెరుగన్నం నిజం. అవ్వ మళ్లీ వస్తానన్నది మాత్రం నా కల్పన. బస్సు హారను వినబడగానే ముద్ద నోట్లో వేసుకుని, తిరిగి చూడకుండా పరిగెత్తింది. అయినా పాఠం మొదలుపెట్టే ముందు, ఇప్పటికీ ఒకసారి గుమ్మం వైపు చూస్తాను.