రెండు సీట్లు, ఒకే టీసీ

నాలుగు రోజుల ముసురు తెరిపిచ్చి రెండు రోజులైంది. ఆ పొద్దున పత్తిచేలో కలుపుకి గుంటక తోలడానికి నేల పదును కుదిరింది. అదే రోజు నాన్నకి కోర్టు వాయిదా, నాకు నరసరావుపేట కాలేజీలో టీసీ పని. పక్కింటి మస్తాన్ బాబాయి మా ఎడ్లను విప్పుకుంటూ, "వాయిదా ఉందని పదును ఆగుద్దా? నేను తోల్తాలే, పోయిరాండి" అన్నాడు. ఎనభైల నడిమి మాట ఇది. డిగ్రీ అయ్యాక నాకు రెండు సీట్లు వచ్చాయి: గుంటూరులో లా, వాల్తేరులో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎం.ఏ. రెండింటికీ మర్నాడే ఆఖరి రోజు. టీసీ ఒకటే ఇస్తారు. అది ఎక్కడ ఇస్తే అక్కడే చదువు. మా రెండెకరాల దావా ఏడేళ్ళుగా నడుస్తోంది కాబట్టి లా చదవాలని నాన్న పట్టు. నాకు రెండోది కావాలి. అది ఎందుకు పనికొస్తుందో ఆయనకు చెప్పలేకపోయాను.

దాచేపల్లిలో ఆరున్నర బస్సెక్కాం. నరసరావుపేటకు రెండు గంటల పైనే పడుతుంది, టికెట్టు ఆరేడు రూపాయలుండేది. సిమెంటు లారీ ఎదురైనప్పుడల్లా బస్సు రోడ్డు దిగి ఆగింది. దారి మధ్యలో, కోర్టున్న ఊళ్ళో దిగాం.

మా వకీలు మంచివాడు. అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. పొలం ఏ ఏడు ఎవరు సాగుచేశారో చెప్పే పాత అడంగల్ నకలు ఒక్కటే రాలేదు; అది లేకుండా వాదించేదేమీ లేదని, రెవెన్యూ ఆఫీసులో అడిగి రమ్మన్నాడు. అక్కడ ఆ రిజిస్టరు చూసే గుమాస్తా సెలవులో ఉన్నాడు. బీరువా మా ఎదురుగానే ఉంది. ఇంకెవరన్నా తీయకూడదా అని నాన్న అడిగాడు.

"తాళం ఆయన దగ్గరుంది పెద్దాయనా. ఆయన సీటు ఆయనే చూసుకోవాల" అన్నాడు పక్క గుమాస్తా, నెమ్మదిగానే.

బెంచీ మీద మాలాంటివాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు. మధ్యాహ్నానికి దావా మళ్ళీ వాయిదా పడింది.

భోజనం హోటల్లో వడ్డించే ఆమె ఏ పని మీద వచ్చారని అడిగితే, కోర్టులోనూ ఆఫీసులోనూ పనేనని చెప్పాను. "కోర్టోళ్ళు వాయిదాకొకసారి వస్తారు. ఆఫీసు పనోళ్ళే నాకు రోజూ బేరం" అంది పప్పు వేస్తూ. నాన్న తలెత్తి ఆమెను చూసి, మళ్ళీ తినసాగాడు. నరసరావుపేట బస్సులో ఒక్కమాటే అడిగాడు.

"ఒరేయ్, ఆ వాల్తేరులో నేర్పేది ఏంది?"

ఆఫీసులు ఎట్లా నడవాలో నేర్పుతారని చెప్పాను.

కాలేజీకి చేరేసరికి మూడు దాటింది. టీసీ దరఖాస్తులో, ఏ చదువు కోసమో రాసేచోట నేను ఖాళీ వదిలాను. గుమాస్తా అడిగాడు. నేను నోరు తెరిచేలోపు నాన్న అన్నాడు: "బీరువా తాళాల చదువు రాయండయ్యా. వాల్తేరు."

దావా సంగతేమిటని అడిగాను.

"వకీలు ఉన్నాడుగా. లేంది ఆ నకలే."

ఆ దావా మేం గెలవలేదు. నేను ఉద్యోగంలో చేరాక, నా చేతికింద ఉన్న ప్రతి బీరువాకీ రెండో తాళంచెవి పక్క సీటులో ఉండేట్టు చూశాను. అన్నిచోట్లా సాగలేదు. రెండు సీట్లు చేతిలో ఉన్నవాళ్ళకు చెప్పగలిగింది ఒకటే: టీసీ ఇచ్చేముందు, ఆ చదువు పనికొచ్చే చోటికి వెళ్ళి ఒక పూట బెంచీ మీద కూర్చోండి.

ఆ రోజు టీసీ చేతికొచ్చాక, నాలుగున్నరకి నాన్న దాచేపల్లి బస్సెక్కి వెళ్ళాడు. ఐదింటికి నేను గుంటూరు బస్సెక్కాను, అక్కణ్ణించి వాల్తేరు రైలుకి.