ఇంటి సాళ్లు

మా మిరపతోటలో నాలుగు సాళ్లు మావి. మిగతా రెండెకరాలూ లోకానివి. ఈ మాట ఎవరూ పైకి అనరు గానీ, సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప వేసే ఇళ్లలో చాలామందికి తెలిసిన సంగతే. గట్టు పక్కనున్న నాలుగు సాళ్లకి మందు కొట్టరు. ఆ కాయ ఇంటి కారానికి. గుర్తు కోసం అమ్మ తన పాత ఎర్రచీర ముక్క ఒకటి కర్రకి కట్టి అక్కడ పాతేది. వీపున పంపు వేసుకుని మందు కొట్టుకుంటూ వచ్చే నాన్న ఆ గుడ్డ కనపడగానే వెనక్కి తిరిగేవాడు.

అసలు అంత మందు ఎందుకు కొట్టాల్సొచ్చిందని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. విత్తనం కంపెనీది. ఎక్కడో పరాయి దేశం నుంచి దిగిన నల్ల తామర పురుగు పూతలో దూరి, మా కళ్ల ముందే తోటల్ని పీల్చేసింది. దానికి కొట్టే మందూ పరాయి దేశపు కంపెనీదే. పండిన కాయకి ధర పలకాలన్నా సముద్రం అవతల ఎవడో కొనాలి. మా చేతుల్లో ఉన్నదల్లా నీళ్లు పెట్టడం, మందు కొట్టడం, ఆదివారం చర్చిలో మోకరించి పురుగు పోవాలని ప్రార్థన చేసుకోవడం.

మూడేళ్ల కిందట కాయ కల్లంలో ఆరుతుండగా, విదేశాలకి మిర్చి పంపే వ్యాపారి దగ్గర పనిచేసే అమ్మాయి ఒకతె స్కూటీ మీద వచ్చింది. నాన్న ఊళ్లోకి వెళ్లాడు. నేను బడికి వెళ్లాను, పంతులమ్మని. కల్లంలో అమ్మ ఒక్కతే ఉంది.

"టెస్టుకి కిలో కాయ ఇవ్వండి ఆంటీ" అంది ఆ అమ్మాయి.

రంగూ ఘాటూ చూస్తారు కాబోలనుకుంది అమ్మ. ఎండలో పడి వచ్చిన ఆడపిల్లకి మందు కొట్టిన కాయ ఎలా ఇస్తుంది? ఇంటి కాయ ఆరబోసిన చిన్న కుప్పలోంచి ఏరి ఏరి కవరు నింపి, మజ్జిగ తాగించి మరీ పంపింది.

పది రోజులకి ఫోనొచ్చింది. మా కాయలో మందు ఆనవాలే లేదట. పంటంతా తీసుకుంటారట, మిర్చి యార్డు ధర కంటే ఎక్కువే ఇస్తారట. నాన్న ఫోను పట్టుకుని కల్లం చుట్టూ తిరిగాడు. ప్రతి వానకీ కురిసే మా ఇంటి రేకులు మార్చేద్దామన్నాడు.

"మందు ఆనవాలేంటే?" అని అమ్మ నన్నడిగింది. ఆ టెస్టు దేనికో చెప్పాను. అమ్మ మొహం పాలిపోయింది.

"నేనిచ్చింది ఇంటి కాయ."

"నోరు మూసుకో. ఎవరికి తెలుసు?" అన్నాడు నాన్న.

"మనకి తెలుసుగా."

నేను నాన్న వైపే మాట్లాడాను. మందులు అంటగట్టిందీ ఆ పరాయి దేశాల వాళ్లే, మందు లేని కాయ అడిగేదీ వాళ్లేనా, తిననీ అన్నాను. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. తిననీ అన్నందుకు మాత్రం సిగ్గుపడుతున్నాను.

అమ్మ నాన్న చేతిలో ఫోను లాక్కుని ఆ అమ్మాయికి కలిపింది. "అమ్మాయ్, నీకిచ్చింది మేం తినే కాయ. అమ్మే కాయ వేరే ఉంది. వచ్చి మళ్లీ పట్టుకెళ్లు" అని చెప్పేసింది.

ఆ అమ్మాయి వచ్చి పెద్ద కుప్పలోంచి తీసుకెళ్లింది. ఈసారి కాయ పనికిరాదన్నారు. లారీ రాలేదు. మా బ్రోకరు వచ్చి నాన్నని ఓదార్చాడు.

"దిగులెందుకు మావా, యార్డుకి తోలెయ్. మనోళ్లు తినే కాయకి టెస్టులేందిలే."

నాకు తిక్కరేగింది. వాళ్లవే కడుపులా, మనవాళ్లవి కావా అని కల్లం దద్దరిల్లేలా అరిచాను.

"మరి మనం పాతిన కర్ర ఏందే?" అంది అమ్మ.

ఆ కాయ యార్డుకే వెళ్లింది. అమ్ముకోకపోతే మాకు గడవదు. అది ఎవరి ఇళ్లకి చేరిందో, ఏ పిల్లలు తిన్నారో మాకు తెలియదు.

మరుసటి ఏడు నారు నాటగానే అమ్మ గుడ్డకర్ర భుజాన వేసుకుని బయల్దేరింది. గట్టు దగ్గర ఆగలేదు. నడిచి నడిచి పొలం నడిమధ్యన పాతింది.

"ఒసే, బుర్ర చెడిందా? పురుగు ఊరుకుంటదా?" అని నాన్న కేకలేశాడు.

"ఊరుకోదు. నేనూ ఊరుకోను."

కర్ర ఇవతలి ఎకరానికి మందు బదులు వేపగింజల కషాయం కొట్టాం. పురుగు అంటుకునేలా నీలం జిగురు అట్టలు కట్టాం. ఆ ఎకరంలో కాయ సగమే వచ్చింది. ఊళ్లో నవ్వారు. నాన్న నెల రోజులు అమ్మతో ముభావంగానే ఉన్నాడు. రేకులు ఇప్పటికీ కురుస్తున్నాయి. అయినా కర్ర మళ్లీ గట్టు దగ్గరికి రాలేదు.

ఈ ఏడు కల్లానికి బ్రోకరు వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అత్తా, గుడ్డకర్ర ఇవతల కాయ మా ఇంటికి ఓ రెండు కిలోలు ఇస్తావా? పిల్లలు తింటారు."

"మనోళ్లు తినే కాయకి టెస్టులేందన్నావుగా?"

అతను తెచ్చిన సంచి విప్పి పట్టుకున్నాడు. అమ్మ సంచి నిండా కాయ పోసి అతని చేతికిచ్చింది.

"తీసుకెళ్లు. పై ఏడు కర్ర అవతలి గట్టు మీద పాతుతున్నా. అప్పుడు నువ్వు ఏ కుప్పలో తీసుకున్నా ఒకటే."

నాన్న అక్కడే ఉన్నాడు, విన్నాడు. ఈసారి కేకలెయ్యలేదు.