తడిగుడ్డ చెప్పిన శనివారం

మా చలపతికి మంచు మీద పగ. అది 1998 జూన్‌లో మొదలైంది. అందులో నా పాపం కూడా కొంత ఉంది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

అప్పట్లో మేమంతా కంగారూల దేశంలో, వెస్ట్‌మీడ్ అనే పేటలో ఒకే అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. పర్రమట్టాలో ఒక బీమా కంపెనీకి పనిచేసేవాళ్లం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడి కూలబడతాయని లోకమంతా బెంబేలెత్తుతున్న రోజులు. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో తేదీలు వెతికి దిద్దడం మా పని. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా తేదీలే. అందుకే కాబోలు, మంచు కూడా తేదీ ప్రకారం కురుస్తుందనుకుని పప్పులో కాలేశాం. అక్కడ జూన్ అంటే చలికాలం; రాణిగారి పుట్టినరోజు సెలవులకు స్కీయింగ్ సీజన్ మొదలని క్యాలెండర్‌లో ఉంది. క్యాలెండర్‌లో ఉందంటే ఉన్నట్టేనని నేనే అందరినీ ఎగదోశాను. మూడు కార్లలో స్నోయీ పర్వతాలకు బయల్దేరాం.

అక్కడ సీజన్ మొదలైంది గానీ మంచు మొదలవలేదు. కొండ నిండా గడ్డీ, బురదా. చలపతి కూతురు లిఖితకు అప్పుడు పదేళ్లు. స్కీయింగ్‌కు పోతున్నానని క్లాసంతా చాటింపు వేసి వచ్చిన పిల్ల. అద్దెకు తెచ్చిన బూట్లు వేసుకుని ఆ గడ్డిలో నిలబడి తండ్రిని ఒక్క చూపు చూసింది. ఆ రోజు నుంచి చలపతి ఏం చెప్పినా ఒకటే జవాబు: "వాటెవర్, డాడ్." లెక్కలు చెబుతానన్నా అంతే, బీచ్‌కు తీసుకెళ్తానన్నా అంతే.

"దానికి నా మీద కోపమైతే బాగుండు శ్రీపతీ," అన్నాడొకసారి నాతో. "కోపం కాదది. నమ్మకం పోయింది."

ఆ మాటకు నా మనసు చివుక్కుమంది. అయినా గడ్డి మీద స్కీయింగ్ అంటూ అతన్ని ఆటపట్టించడం మాత్రం మానలేదు. నా నోరు అలాంటిది.

మరుసటి ఏడాది మే నెలలో చలపతి ఫోన్ పట్టుకున్నాడు. కొండ మీద మేం దిగిన లాడ్జిని చూసుకునే మ్యాగీ అనే పెద్దావిడకు ఫోన్ చేసి, వరండాలో రెండు థర్మామీటర్లు వేలాడదీసి, ఒకదానికి తడిగుడ్డ చుట్టమని అడిగాడు. ఆవిడ ముందు నవ్వింది. తర్వాత, వేరే పనేముందిలే అనుకుందేమో, సరేనంది. ఇక రోజూ పొద్దున ఏడింటికి ఇతను ఫోన్ చెయ్యడం, ఆవిడ రెండు అంకెలు చెప్పడం, ఇతను నోటుబుక్కులో రాసుకోవడం.

ఇదెక్కడి పిచ్చి అని అడిగితే అసలు సంగతి చెప్పాడు. ప్రకాశం జిల్లా కొండపి దగ్గర వాళ్లది పొగాకు సేద్యం. పచ్చాకును సన్నటి వేడిలో కాల్చి ఆరబెట్టే బ్యారన్ కొట్టంలో రెండు థర్మామీటర్లు ఉంటాయి, ఒకటి పొడిది, ఒకటి తడిగుడ్డ చుట్టింది. రెండూ ఒకే అంకె చూపిస్తే లోపల గాలి నిండా తేమ. ఎడం పెరిగిందంటే గాలి ఆరుతోందన్నమాట. ఆ ఎడం సరిగ్గా చూసుకోకపోతే ఏడాది పంట నల్లబడిపోతుంది. వాళ్ల నాన్న ఆ లెక్క పట్టుకునే ఇల్లు నడిపాడు.

"పొగాకుకూ మంచుకూ ఏం సంబంధం?" అన్నాను.

"ఆ కొండ మీద ఇప్పుడు నీళ్లు చిమ్మి మంచు చేసే మిషన్లు పెట్టినారు. గాలి పొడిగా ఉంటే, చిమ్మిన చుక్క ఆరతా ఆరతా ఇంకా చల్లబడి గడ్డకడతది. గాల్లో తేమ ఉంటే అట్నే వానై పడతది. టీవీలో చెప్పే చలి కాదబ్బా, తడిగుడ్డ దాన్ని చూడాల."

తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్లు తెలుసు గానీ, మంచు కురిపించేవాణ్ణి నిన్నే చూస్తున్నానన్నాను. ఆ మాట ఆఫీసంతా పాకింది.

జూలై రాగానే మేనేజర్ పిడుగులాంటి కబురు చెప్పాడు. ఆగస్టు నుంచి కొత్త సంవత్సరం దాకా శనాదివారాలు కూడా పనే. జూలైలో రెండు వారాంతాలు మాత్రం వదిలాడు. ఒక్కొక్కరికీ అందులో ఒకటే, ఏది కావాలో బుధవారం మధ్యాహ్నంలోగా రాసివ్వాలి. టీవీ చెప్పిన ప్రకారం మొదటి శనివారం కొండ మీద మైనస్ ఒకటి, రెండో శనివారం ప్లస్ ఒకటి. ఇందులో ఆలోచించడానికేముందని అందరూ మొదటిదే రాసిచ్చారు.

చలపతి నోటుబుక్కు తెరిచాడు. ఐదు రోజులుగా మ్యాగీ చెబుతున్న రెండు అంకెలూ ఒకటే. గాలి తడిసి ముద్దగా ఉంది. కానీ పేపర్లో వాతావరణం మ్యాపు మీద పడమటి నుంచి ఒక పెద్ద అధిక పీడనం కదిలొస్తోంది. జూన్‌లో అలాంటివి రెండు వచ్చినప్పుడు, రెండుసార్లూ అంకెల మధ్య ఎడం పెరిగింది. ఇది వచ్చే మంగళవారానికి కొండల మీదికి చేరుతుంది. అతను రెండో శనివారం రాసిచ్చాడు. కాగితం ఇచ్చాక కూడా మరోసారి నోటుబుక్కు తెరిచి చూసుకున్నాడు. ఇది తప్పితే ఆ ఏడాదికి ఇంకో వారం లేదు. రెండోసారి కూడా గడ్డి చూపిస్తే, ఆ పిల్ల మళ్లీ తండ్రి మాట వినదు.

"ప్లస్ ఒకటిల మంచెట్లయితది భాయ్, నీళ్లయితయి గని," అన్నాడు మా టీమ్‌లోని రహీమ్. అతనిది హైదరాబాదు. భార్య ఫరహ్‌తో మొదటి వారమే వెళ్తున్నాడు.

నేనూ మొదటిదే రాయబోయాను. ఇంట్లో మా ఆవిడ మంగళ పడనివ్వలేదు. "అన్నయ్యగారు రెండు నెలలుగా రోజూ రాసుకుంటున్నారు. మీరేం రాసుకున్నారు? మనం వాళ్లతోనే," అంది. నేనూ రెండోదే రాసిచ్చాను.

సోమవారం రహీమ్ తుమ్ముతూ ఆఫీసుకొచ్చాడు. కొండంతా పొగమంచు, జల్లు, మిషన్లు ఊరికే నిలబడి ఉన్నాయట. చలపతి నవ్వలేదు. మర్నాడు పొద్దున మ్యాగీకి ఫోన్ చేసి, నోటుబుక్కు నాకు చూపించాడు. పొడిది ఒకటి, తడిది మైనస్ మూడు.

శుక్రవారం ఆఫీసు కాగానే అందరం చలపతి కారులో బయల్దేరి, దారిలో కూమా అనే ఊళ్లో మోటెల్లో పడుకుని, తెల్లవారాక కొండెక్కాం. దారిపొడుగునా ఎండిన పచ్చికే. ఆకాశం నీలంగా, ఎండ చురుక్కుమంటోంది. కొండ కింది ఊరు జిండబైన్ దాటినా తెల్లటిదంటూ ఒక్కటి కనబడలేదు. నాకు లోపల జాలేసింది. లిఖిత కిటికీ వైపు తిరిగి, వాక్‌మన్ చెవుల్లో పెట్టుకుని కూర్చుంది. తల్లి లీల పలకరిస్తే పాట శబ్దం ఇంకా పెంచింది. చలపతి స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

చివరి మలుపు తిరిగాం. గోధుమరంగు కొండ మీద, పైనుంచి కిందిదాకా, ఎవరో చాప పరిచినట్టు ఒక తెల్లటి బాట. కొండంతా కాదు, ఆ ఒక్క బాటే. దాని పక్కన వరుసగా మిషన్లు. జనం పెద్దగా లేరు. చలిని నమ్ముకున్నవాళ్లంతా ముందు వారమే వచ్చి, తడిసి వెళ్లిపోయారు.

లిఖిత చెవుల్లోంచి వాక్‌మన్ తీసేసింది. కారు ఆగీ ఆగకముందే దిగి పరుగెత్తింది.

లాడ్జి గుమ్మంలో మ్యాగీ ఎదురొచ్చింది. మూడు రాత్రులు మిషన్లు ఆగకుండా నడిచాయని చెప్పి, చలపతి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపింది. నేను అందరి ముందూ చేతులు జోడించి, నీ తడిగుడ్డకో దండం చలపతీ అన్నాను. నిజంగానే అన్నాను. నా మొహం మాడిపోయినా ఆ పొద్దున నాకు పట్టలేనంత సంతోషంగా ఉంది.

మధ్యాహ్నానికి లిఖిత జారడం నేర్చేసుకుంది. చలపతికి నిలబడడమే రాలేదు. మూడోసారి పడి, స్కీలు రెండూ మెలికపడి, వెల్లకిలా ఉన్నాడు. పైన, నేర్చుకునే పిల్లల వరుసలో శిక్షకుడు లిఖితను అడుగుతున్నాడు, పోయిన వారం వచ్చినవాళ్లంతా వట్టి చేతులతో పోయారు, మీరు సరిగ్గా ఈ వారమే ఎలా వచ్చారని.

"మై డాడ్ సెడ్ సో," అంది లిఖిత, అందులో అడగడానికేముందన్నట్టు.

నేను చలపతిని లేపుదామని చెయ్యి చాచాను. అతను పట్టుకోలేదు. రెండు చేతులూ బార్లా చాపి, ఆ మంచులో అలాగే పడుకుని, కళ్లు తుడుచుకోకుండా నవ్వుతూ ఉండిపోయాడు.