కొట్టని మందుకు పడిన శిక్ష

2024 చివర్లో సంగతి. కృష్ణా డెల్టాలో డ్రోన్లతో పురుగుమందు కొట్టే వ్యాపారం అప్పుడప్పుడే కాళ్లూనుకుంటోంది. ఉన్న ఆపరేటర్లు కొద్దిమంది. వాళ్ల కోసం విజయవాడ నుంచి వాట్సాప్‌లో వెళ్లే వార న్యూస్‌లెటర్లు మాత్రం రెండు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పై అంతస్తులో మాది, రెండు వీధుల అవతల వాళ్లది. శుక్రవారం పొద్దున వాళ్లది వచ్చేది, సాయంత్రం మాది. మధ్యలో మా పనల్లా వాళ్ల వార్తలను తిప్పి రాయడం. దీన్ని ‘మ్యాచింగ్’ అనేవాళ్లం. పక్కవాడు వేసింది మనదాంట్లో లేకపోతే చందాదారు జారిపోతాడని భయం. వాళ్లూ మా వార్తలతో అదే పని చేసేవారు. సిగ్గు ఏ వైపూ లేదు.

ఒక శుక్రవారం వాళ్ల లీడ్, అంటే మొదటి వార్త, కంకిపాడు దగ్గర పనిచేసే సుజాత అనే ఆపరేటర్ మీద. ఆమె మినుము చేలో కొట్టిన మందు గాలికి పక్క చెరువులో పడి చేపలు చచ్చిపోయాయట. ఈ పనిలో అంతకు మించిన చెడ్డపేరు లేదు. మా యజమాని ప్రసాద్ గారు ఫోన్ ఊపుకుంటూ వచ్చారు.

“ఏమయ్యా, ఇది సాయంత్రానికి మనదాంట్లో ఉండాలి.”

“చూసొచ్చిందెవరండీ?”

“వాళ్లు వేశారుగా! ఇంకేం కావాలి?”

నాకు ఒళ్లు మండింది. బండి తీసుకుని కంకిపాడు వెళ్లాను. చెరువు గట్టు మీద చేపల రైతు, సుజాత ఇద్దరూ దొరికారు.

“నా చేపలకేమైందండీ? నిక్షేపంలా ఉన్నాయి,” అన్నాడు రైతు. “గాలి ఇటు తోలతందని ఈ అమ్మాయి డ్రోన్ లేపకుండానే సర్దుకుని వెళ్లిపోయింది. నన్నొక్కడూ అడిగిన పాపాన పోలేదు.”

జాగ్రత్తపడి పని ఆపుకున్న మనిషికి దక్కిన పేరు ఇది! డ్రోన్ పని కాకుండానే వెనక్కి వెళ్లింది కాబట్టి ఏదో జరిగే ఉంటుందని ఎవడో ఊహించాడు, ఇంకొకడు వార్త చేశాడు.

“పొద్దుట్నుంచీ ఫోన్లేనండీ. రమ్మన్నోళ్లంతా వద్దంటున్నారు,” అంది సుజాత. “ఈ రబీ పోతే డ్రోన్ అమ్ముకోవడమే. మీరన్నా ఉన్నది ఉన్నట్టు రాయండి.”

అలాగే రాశాను. ‘గాలి చూసి ఆగిన ఆపరేటర్’ అని శీర్షిక పెట్టాను. ప్రసాద్ గారు చదివి మురిసిపోయారు. ఆమె గురించి కాదు. “దొరికారయ్యా దొంగలు!” అంటూ శీర్షిక మార్చేశారు: ‘సుజాత డ్రోన్, చచ్చిన చేపలు: పోటీ పత్రిక బండారం బట్టబయలు’. పక్కన ఆమె ఫొటో. వద్దని మొత్తుకున్నాను.

“వేసేది నిజమేగా! ఆమెకీ మంచిదే,” అన్నారాయన.

వాట్సాప్ గ్రూపుల్లో శీర్షిక, ఫొటో మాత్రమే తిరిగాయి. కింద ఉన్నది చదివే ఓపిక ఎవరికుంది? మర్నాడు సుజాత ఫోన్ చేసింది.

“నిన్నటిదాకా నా పేరే తెలుసండీ వాళ్లకి. ఇప్పుడు మొహం కూడా తెలిసింది. మీ రెండు పత్రికల గొడవలోకి నన్నెందుకు లాగారండీ?”

ఆ మాట అడుగుదామని ప్రసాద్ గారి గదిలోకి వెళితే, చందాదారులు పెరిగారని అందరికీ పూతరేకులు పంచుతున్నారు. అందరి ముందూ సుజాత అన్నది చెప్పాను. “సర్దుకుంటుందిలేవయ్యా,” అంటూ నాకూ ఒకటి ఇవ్వబోయారు. తీసుకోలేదు.

సుజాత రబీ అయ్యేలోపే డ్రోన్ అమ్మేసింది. నేను ఆ ఉద్యోగం వదిలేశాను. నిజం రాస్తే సరిపోదని, దాన్ని ఎవరి కోసం రాస్తున్నామో కూడా చూసుకోవాలని అప్పుడు తెలిసింది. అబద్ధం వేసినవాళ్ల మీద నా కోపం ఎప్పుడో చల్లారింది. నిజాన్ని పోటీవాడి మీదికి రాయిలా విసిరి, అది ఆమెకు తగిలిందని తెలిసి కూడా పూతరేకులు తిన్నవాళ్ల మీద మాత్రం ఇవాళ్టికీ చల్లారలేదు.